చీటీలో పిండి శాతం: ఇథనాల్ మొక్కజొన్నతో నా అనుభవం

మొదటి మొక్కజొన్న పంట ఇథనాల్ ఫ్యాక్టరీకి తోలిన రోజు కాటా దగ్గర నా అంత హుషారుగా ఎవరూ లేరు. ఎకరానికి మూడు టన్నులు దిగింది మరి. గంట తర్వాత ల్యాబ్ నుంచి చీటీ వచ్చింది. తేమ బాగానే ఉంది. మాంసకృత్తులు 10.4 శాతం, పిండి పదార్థం 69. ల్యాబ్‌లో ఉన్నాయన చీటీ వంకా నా వంకా చూసి, "యూరియా గట్టిగానే పోసినట్టున్నారే!" అన్నాడు. మెచ్చుకుంటున్నాడేమో అనుకున్నాను.

మెచ్చుకోలు కాదు. బండ్లకు ఇంధనంగా వాడే ఇథనాల్ వచ్చేది గింజలోని పిండి నుంచి. పిండి ఒక్క శాతం తగ్గితే టన్నుకు ఆరేడు లీటర్లు తగ్గినట్టే. యూరియాతో అవసరానికి మించి నత్రజని దొరికిన మొక్క ఆ మిగులును గింజలో మాంసకృత్తుగా దాచుకుంటుంది. అందులో ఎక్కువ భాగం జెయిన్ (zein) అనే ప్రొటీన్. అది పిండి రేణువుల చుట్టూ గట్టిగా అల్లుకుని ఉంటుంది కాబట్టి గింజ చేతికి గట్టిగా, గాజులా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు చూసే నేను మురిసిపోయాను. ఆయన నవ్వుతూ ఇంకో మాట చెప్పాడు. "చిత్రం ఏంటంటే, మీరు చేలో యూరియా వేస్తారు, మేం పులియబెట్టే ట్యాంకులో మళ్ళీ యూరియా వేస్తాం. గింజలో ఉన్న ప్రొటీన్‌ని ఈస్ట్ అలాగే తినలేదండీ."

ఆ సంవత్సరం నేను వేసింది, డీఏపీ ఎరువులో వచ్చింది కూడా కలుపుకుని, ఎకరానికి 110 కిలోల నత్రజని. ఎందుకంత అంటే సరైన జవాబు లేదు. తగ్గిస్తే కండె చిన్నదవుతుందేమోనన్న భయం, అంతే. అందులో సగం విత్తేటప్పుడే వేశాను, అప్పటికి మొక్కకు వేళ్ళే లేవు.

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. టన్ను గింజ మామూలుగా తనతో పట్టుకుపోయే నత్రజని 12 కిలోల చుట్టుపక్కల. భాస్వరం ఆరు, పొటాష్ నాలుగైదు కిలోలు. మూడు టన్నులకు నత్రజని 36 కిలోలు. చొప్పలో ఉన్నది కలిపినా 60 దాటదు. వేసిందంతా మొక్కకు అందదని తెలుసు. ప్రపంచం మొత్తం మీద చూసినా వేసిన నత్రజనిలో పంటకు చేరేది సగం లోపే. అయినా 110 ఎక్కువే.

ఇంకా విడ్డూరం ఏమిటంటే, ఆ 36 కిలోల్లో ఒక్క గ్రాము కూడా ఇంధనంలోకి పోదు. ఇథనాల్‌లో ఉండేవి కర్బనం, ఉదజని, ఆమ్లజని మాత్రమే. గింజ బరువులో సుమారు మూడో వంతు ఇథనాల్ అవుతుంది, మూడో వంతు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, మిగిలిన మూడో వంతు డీడీజీఎస్ అనే పశువుల దాణా. నేను కొన్న నత్రజని, భాస్వరం, పొటాష్ అన్నీ ఆ దాణాలోనే తేలతాయి. అందుకే అందులో భాస్వరం గింజలో కంటే ఇంచుమించు మూడింతలు చిక్కగా ఉంటుంది. బండి ట్యాంకులోకి వెళ్ళేది ఎండ, గాలి, నీళ్ళే.

పర్యావరణం లెక్క కూడా చూడాలనిపించింది, ఎందుకంటే ఈ పంట పెట్టమని చెప్పేవాళ్ళందరూ ముందు ఎత్తేది ఆ మాటే. వేసిన నత్రజనిలో సుమారు ఒక శాతం నేల నుంచి నైట్రస్ ఆక్సైడ్‌గా లేస్తుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ లెక్క కడుతుంది. వందేళ్ళ లెక్కలో ఆ వాయువు వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు. నా 110 కిలోలకు అది దాదాపు 470 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. నా మూడు టన్నుల నుంచి వచ్చే 1200 లీటర్ల ఇథనాల్ సుమారు 800 లీటర్ల పెట్రోలు చేసే పని చేస్తుంది. ఆ పెట్రోలు కాలిస్తే వచ్చేది 1800 కిలోల పైచిలుకు. అంటే మిగిలిందనుకున్న దాంట్లో పావు వంతు నా చేలోనే ఆవిరైంది. దాణా వాటా తీసేస్తే కొంత తగ్గుతుంది లెండి, కానీ యూరియా తయారీకి అయిన గ్యాసు ఇందులో కలపనే లేదు. నోబెల్ గ్రహీత పాల్ క్రూట్జెన్ బృందం 2008లో ఆ ఒక శాతం చాలదని, అసలు లెక్క 3 నుంచి 5 శాతమని వాదించింది. ఆ అంకె వేస్తే నా చేను పెట్రోలు కంటే ఏమంత మెరుగో చెప్పుకోలేను.

రెండో పంటకు మట్టి పరీక్ష చేయించి మొత్తం 85 కిలోలకు దించాను. విత్తేటప్పుడు పావు వంతు, మోకాలెత్తు దశలో సగం, జల్లు (మగపూత) వచ్చే ముందు మిగతాది. మొక్కజొన్న నత్రజనిని ఎక్కువగా లాక్కునేది ఎనిమిది ఆకుల దశ నుంచి కండెకు పీచు వేసేదాకా. ఆ రోజుల్లో నేలలో ఉండాలి గానీ ముందే ఉండి లాభం లేదు. యూరియా పైపైన చల్లి వదిలేయకుండా సాళ్ళ పక్కన వేసి మట్టి కప్పించాను. తడి నేల మీద ఎండలో వదిలేస్తే అమ్మోనియాగా గాల్లో కలిసిపోతుంది. దగ్గరగా వంగితే ఆ ఘాటు ముక్కుకు తెలుస్తుంది కూడా.

ధైర్యం చాలక నాలుగు సాళ్ళకు మాత్రం పాత లెక్కలోనే 110 వేశాను. జల్లు సమయానికి ఆ నాలుగూ నల్లటి ఆకుపచ్చగా, మిగతా చేను కాస్త లేతగా. చూసిన ప్రతివాళ్ళూ ఆ సాళ్ళే బాగున్నాయన్నారు, నాకూ మనసు పీకింది. కోసి, ఒలిచి, విడిగా తూకం వేస్తే రెండిటికీ తేడా చెప్పుకోదగ్గది కాదు. చీటీలో మాత్రం ఆ నాలుగు సాళ్ళ గింజలో పిండి 69.2, మిగతా చేనుది 70.6. విత్తనం ఒకటే కాబట్టి నెపం దాని మీదకు తోయడానికి లేదు.

ఆ ఏడాదే కాండం నైట్రేట్ పరీక్ష చేయించాను, అంటే మొక్క వాడుకోగా కాండం అడుగున ఎంత నత్రజని మిగిలిందో చూసే పరీక్ష. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. గింజ మొదట్లో నల్ల పొర (గింజ పండిందనడానికి గుర్తు) పడ్డాక ఒకటి నుంచి మూడు వారాల లోపు చెయ్యాలి. నేల నుంచి 15 సెంటీమీటర్లు వదిలి, ఆ పైన 20 సెంటీమీటర్ల ముక్క కోసి, ఆకు తొడుగు ఒలిచేయాలి. చేనంతా తిరిగి అలాంటివి పదిహేను తీసి కాగితం సంచిలో పంపాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే బూజు పడుతుంది. నేను మొదటిసారి ప్లాస్టిక్‌లోనే పెట్టి, మర్నాడు అంతా పారబోసి మళ్ళీ చేలోకి వెళ్ళాను. 700 నుంచి 2000 పీపీఎం వస్తే సరిపోయినట్టు, 2000 దాటితే మొక్క తిని మిగిల్చినట్టు. నాకు 85 కిలోల దగ్గర కూడా 2600 వచ్చింది! తగ్గించానని గొప్పగా చెప్పుకుంటున్నవాణ్ణి, నోరు మూసుకున్నాను.

మూడో పంటకు 75. ఈసారి దెబ్బ ఇంకో వైపు నుంచి పడింది. రెండో పంట చొప్పను కూడా ఇథనాల్‌కే అడిగితే చేలో పుల్ల మిగలకుండా ఇచ్చేశాను. పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలో కాదు, చొప్పలో ఉంటుంది. టన్ను చొప్పకు 15 కిలోలకు పైనే పోతుంది. చొప్ప చేలోనే ఉంటే వానకు తడిసి ఆ పొటాష్ దానంతటదే నేలలోకి దిగిపోతుంది, కుళ్ళేదాకా ఆగనక్కర్లేదు. అది నాకు తట్టలేదు. మొక్కలు నడుమెత్తు పెరిగేసరికి కింది ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడాయి. మొదట నీటి ఎద్దడి అనుకుని తడి ఇచ్చాను. తర్వాత ఆకు చేతిలోకి తీసుకుని చూస్తే మధ్య ఈనె దగ్గర పచ్చగానే ఉంది, అంచే ఎండింది. నత్రజని లోపమైతే దీనికి తలకిందులు: కొన దగ్గర మొదలై నడిమి ఈనె వెంట పసుపు లోపలికి దిగుతుంది. పొటాష్ అప్పుడు వేసినా ఆ పంటకు పెద్దగా ఒరిగింది లేదు, రెండున్నర టన్నులతో సరిపెట్టుకున్నాను. కాండం పరీక్ష 1900 వచ్చినా దాన్ని పూర్తిగా నమ్మలేదు, దిగుబడి తగ్గిన చేలో నైట్రేట్ మిగలడం సహజం కదా.

చెరకు ఇథనాల్ వాళ్ళకు ఈ బాధ తక్కువ. బ్రెజిల్‌లో ఇథనాల్ తీశాక మిగిలే విన్యాస్ అనే నీళ్ళను మళ్ళీ చెరకు తోటలకే పారిస్తారు. లీటరు ఇథనాల్‌కు అది పది నుంచి పదిహేను లీటర్ల దాకా వస్తుంది, నిండా పొటాష్. అతిగా పారించి నేల పాడు చేసుకోకుండా అక్కడి సావో పాలో రాష్ట్రంలో పొటాష్‌కు పరిమితి కూడా పెట్టారు. మాకు తిరిగొచ్చేది ఏమీ లేదు, దాణా ఎటు పోతే పోషకాలు అటే. అందుకే చొప్ప ఇక మీదట మూడేళ్ళకోసారే, అదీ సగమే ఇస్తాను, దానికి తగ్గ పొటాష్ ముందే దుక్కిలో వేసుకుని.

ఇప్పుడు నాలుగో పంట. మొత్తానికి 75 వేసి, నాలుగు సాళ్ళు 60 దగ్గర ఆపాను. నిన్నటికి పీచు వచ్చింది. ఆ నాలుగు సాళ్ళలో అట్టడుగు ఆకు ఒక్కటి కొన నుంచి ఈనె వెంట పసుపు తిరిగింది, దాని పైది ఇంకా పచ్చగానే ఉంది. యూరియా తట్ట గట్టు మీదే ఉంది. వెయ్యలేదు. కాగితం సంచులు మాత్రం ముందే తెచ్చి పెట్టుకున్నాను.