కూనూరు ప్రయాణం: వైట్ బోర్డు బండి ఎక్కనన్నందుకు

అనంతపురంలో బాడుగ బండి మాట్లాడుకుని కొండలకు పోవాలనుకునేవాళ్ళు ఇది చదివాకే అడ్వాన్సు కట్టండి. మేము నిన్న సాయంత్రమే ఇల్లు చేరాం. ఉతకాల్సిన బట్టలు ఇంకా బ్యాగుల్లోనే ఉన్నాయి. వేడి మీద రాయకపోతే నాలుగు రోజులకు "పోనీలే" అనిపిస్తుందని ముందు ఈ పని పెట్టుకున్నా.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. తూర్పు కనుమలు, పడమటి కనుమలు నీలగిరుల దగ్గర కలుస్తాయని ఏటా బోర్డు మీద గీసి చూపిస్తాను. ఆ కలిసే చోటు కళ్ళారా చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మాది ఒకటి. మా పిల్లలు పొగమంచు చూసింది ఫోన్లోనే. దసరా సెలవులివ్వగానే బయల్దేరి, అష్టమి లోపల తిరిగొచ్చేయాలన్నది అత్త పెట్టిన షరతు. సరేనన్నా.

ఎవరిని అడిగినా ఊటీ అన్నారు. నేను ఆ పక్కనే ఉన్న కూనూరు, కోటగిరి అన్నాను. ఊటీ టౌనులో సెలవుల రోజుల్లో హారన్ల మోత తప్ప ఏముంటుంది? కూనూరు చిన్న ఊరు. చుట్టూ టీ తోటలు, ఎత్తు సుమారు 1,850 మీటర్లు. చలి ఉంటుంది కానీ పెద్దవాళ్ళు వణికిపోయేంత ఉండదు. ఇంకో లెక్క కూడా చూసుకున్నా. నైరుతి వానలు ముందు తగిలేది గూడలూరు, ఊటీ వైపు. మధ్యలో 2,637 మీటర్ల దొడ్డబెట్ట శిఖరం అడ్డం ఉంటుంది. దానికి తూర్పు పక్కనున్న కూనూరు, కోటగిరిలకు గట్టి వానలు ఈశాన్య రుతుపవనంతో వస్తాయి, అంటే అక్టోబర్ సగం దాటాక. 2009 నవంబర్‌లో ఆ వానలకే కొండచరియలు విరిగిపడి అక్కడ పదుల మంది చనిపోయారు. దీపావళి తర్వాత పోదామన్న మా ఆడబిడ్డకు ఇదంతా మ్యాప్ పెట్టి చూపించి ఒప్పించాను. ఒక వాన తగ్గి ఇంకోటి మొదలు కాని ఆ కొన్ని వారాలే ఆ కొండలకు మంచి కాలం. శరన్నవరాత్రుల తొలి రోజులు అందులో సరిగ్గా పడ్డాయి.

రూము ఫోన్లో మాట్లాడేశా. వేడినీళ్ళు, మెట్లు లేని గది, అంతే అడిగాను, రెండూ ఉన్నాయి.

రైలు సంగతి రొంత చెప్పాలి. మెట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్ల చిన్న రైలుంది. 1908లో ఊటీ దాకా వేశారు, 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కల్లార్ నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పళ్ళ కడ్డీ ఉంటుంది. పన్నెండు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకెక్కే ఏటవాలు కాబట్టి ఇంజను ఆ పళ్ళను పట్టుకుని ఎక్కుతుంది. దీనికి టికెట్లు 60 రోజుల ముందు పొద్దున 8 గంటలకు తెరుస్తారు. ఫోను పట్టుకుని కూర్చున్నా, నిమిషాల్లో వెయిటింగ్ లిస్టు. సెలవుల్లో దాని మీద ఆశ పెట్టుకోకండి. కూనూరు, ఊటీ మధ్య రైళ్ళు ఎక్కువ, టికెట్ దొరుకుతుంది, కిటికీలోంచి కనిపించే లోయలు తక్కువేం కాదు. మేము దానికే తీసుకున్నాం.

తర్వాత ఈ-పాస్. మద్రాస్ హైకోర్టు ఆదేశం మీద 2024 మే 7 నుంచి నీలగిరులకు, కొడైకెనాల్‌కు బయటి బండ్లు పోవాలంటే ఇది ఉండాలి. డబ్బేమీ లేదు. ఫోన్ నంబరుకు ఓటీపీ వస్తుంది, బండి నంబరు, ఎంతమంది, ఏ రోజు వస్తారు, ఏ రోజు పోతారు, ఎక్కడ దిగుతారు అన్నవి నింపితే క్యూఆర్ కోడుతో పాస్ వస్తుంది. పది నిమిషాల పని. బండి నంబరు కోసం ట్రావెల్స్ ఆయనకు ఫోన్ చేస్తే ఎల్లో బోర్డు, అంటే బాడుగ బండ్లకుండే పసుపు ప్లేటు ఇన్నోవా నంబరు పంపించాడు. పాస్ తీసి ప్రింటు పెట్టుకున్నా. ప్లాస్టిక్ నీళ్ళ బాటిళ్ళు ఆ జిల్లాలోకి రానివ్వరు కాబట్టి ఇంట్లో ఉన్న స్టీలు బాటిళ్ళన్నీ సర్దాను. ఆ రాత్రి చిత్రాన్నానికి పోపు పెట్టి, చెనిక్కాయల పొడి డబ్బాకెత్తి పడుకున్నాం.

ఇంక అసలు సంగతి.

బండి తెల్లవారుజామునే వీధిలోకొచ్చింది. అది ఇన్నోవా కాదు. వేరే కారు, సొంత కార్లకుండే తెల్ల నంబరు ప్లేటు. డ్రైవర్ ఇరవై ఏళ్ళ పిల్లోడు. లగేజీ ఎత్తుతూ నాతో అన్నాడు: "అక్కా, చెక్‌పోస్టు కాడ ఎవురన్నా అడిగితే నేను మీ తమ్మున్నని చెప్పండి. పిల్లోల్లకు గూడా చెప్పిపెట్టండి, మామా అని పిలిస్తే చాలు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లోడి మీద కాదు, వాడికి యజమాని చెప్పి పంపిన మాట అది. అబద్ధం రాస్తే మార్కులు తీసేసే టీచర్ని నేను. నా పిల్లల చేత ఊరుగాని ఊర్లో పోలీసు ముందు అబద్ధం చెప్పించాలా?

బండి రిజిస్ట్రేషన్ వివరాలు చూపించే ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూశా. మోటార్ క్యాబ్ అని ఉండాల్సిన చోట మోటార్ కార్ అని ఉంది, అంటే సొంత వాడకం బండి. ట్రావెల్స్ ఆయనకు ఫోన్ చేశా. నిద్ర గొంతుతో ఎత్తాడు.

"ఆ బండి రిపేరుకొచ్చింది మేడమ్. ఇది ఇంకా కొత్తది, ఏసీ బాగుంటాది."

"నేను పాస్ తీసుకుంది ఆ నంబరు మీద. పైగా ఇది వైట్ బోర్డు."

"అందరూ అట్లనే పోతాండారు మేడమ్. మీకు ఈ పర్మిట్ల సంగతి తెల్దు. సార్‌కీయండి ఫోను."

బండి మాట్లాడింది నేను. బేరం చేసింది నేను. ఐదు వేలు అడ్వాన్సు పోయింది నా ఫోన్ నుంచి. బండ్లు ఏ దారిన పోతాయో, బందీపూర్ అడవి గేటు ఎన్ని గంటలకు మూస్తారో ఆయనకు చెప్పింది కూడా నేనే. (రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు ఆ దారి మూసి ఉంటుంది, ఆయనకు అది తెలియదు.) అయినా నేను అడిగిన ప్రతి మాటకూ ఒకటే జవాబు, "సార్‌కీయండి". నేను ఇవ్వలేదు. ఫోన్ పెట్టేసి నేరుగా మా ఆయనకు చేశాడు. "సార్, మేడమ్ ఊరికే భయపడతాండారు, రొంత మీరు చెప్పండి" అనడం పక్కనే ఉన్న నాకు వినబడుతోంది.

అప్పటికి ఎదురింటావిడ వాకిలి ఊడ్చడానికి బయటికొచ్చింది. పక్కింటి వాళ్ళు గేటు దగ్గర నిలబడ్డారు. వీధిలో మా బ్యాగులు, స్వెట్టర్లు వేసుకుని నిద్రకళ్ళతో పిల్లలు, మధ్యలో నేను. మా ఆయన ఫోన్ దించి, "పోనీలే, ఈ ఒక్కసారికి పోదాం, పిల్లలు లేచి కూర్చున్నారు గదా" అన్నాడు. ఆ ట్రావెల్స్ ఆయన మాటలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. అందరి ముందు నా మాట తీసేసినట్టయింది.

నేను గొంతు పెంచలేదు. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. బాడుగకు తిప్పే బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ ఉండాలి. సొంత కారుకు కట్టిన ఇన్సూరెన్సు బాడుగ ప్రయాణానికి పనికిరాదు. ఘాట్‌లో ఏమన్నా అయితే ఇన్సూరెన్సు కంపెనీ మొదట పట్టుకునేది ఆ మాటే, అప్పుడు మనకు రూపాయి ఇప్పించడానికి ఈ ట్రావెల్స్ ఆయన రాడు. ఆ తర్వాత డ్రైవర్ని అడిగాను, ఘాట్ రోడ్డు మీద ఎప్పుడైనా తోలినావా అని. "బెంగుళూరు దాటి పోలేదక్కా" అన్నాడు. మసినగుడి నుంచి ఊటీకి ఎక్కే దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ఆ దారికి ఈ పిల్లోణ్ణి పంపించినాయన, భయపడుతున్నానని నా గురించి చెప్తున్నాడు!

ఇక్కడ ఒక మాట అంటాను. ఆడవాళ్ళు లెక్క అడిగితే భయం, మగవాళ్ళు అడిగితే జాగ్రత్త అనుకునే మనుషులు మన ఊళ్ళో ఇంకా చాలామంది ఉన్నారు. ఇంట్లో ప్రయాణం ఏర్పాటు చేసే ఆడవాళ్ళందరికీ చెప్తున్నా, "సార్‌కీయండి" అన్న దగ్గరే ఆ బేరం వదిలేయండి. మర్యాద లేనోడు బండి మాత్రం సరైంది పంపిస్తాడా?

మా అత్త అప్పటిదాకా అరుగు మీద కూర్చుని వింటోంది. మోకాళ్ళ నొప్పులని ఆమె కోసమే బండి మాట్లాడింది. లేచి కర్ర పట్టుకుని, "ఆ పాప చెప్పేది నిజమే గదప్పా. బస్సులోనే పోదాం పాండి" అంది. మా ఆయన ఇంక మాట్లాడలేదు. డ్రైవర్ చేతికి టీ డబ్బులిచ్చి, వాడి తప్పేం లేదని చెప్పి పంపించేశాను.

ఆటోలో బస్టాండుకు పోయాం. బెంగుళూరు బస్సు వెంటనే దొరికింది. బాగేపల్లి దాటిందాకా నేను మా ఆయనతో మాట్లాడలేదు. తర్వాత ఆయనే చిత్రాన్నం డబ్బా తెరిచి ముందు నాకు పెట్టాడు.

ఒక సంగతి అందరికీ తెలియాలి. ప్రభుత్వ బస్సులో, రైల్లో పోయేవాళ్ళకు ఈ-పాస్ అక్కర్లేదు. నాకు ముందే తెలుసు కాబట్టే ఆ పొద్దున వీధిలో ధైర్యంగా నిలబడగలిగాను. బెంగుళూరులో మైసూరు రోడ్డు శాటిలైట్ బస్టాండు నుంచి ఊటీ బస్సు ఎక్కాం. అత్తకు ముందు వైపు సీటు అడిగితే కండక్టర్ తానే సర్దిచ్చాడు. మైసూరు, గుండ్లుపేట, పొద్దు వాలేసరికి బందీపూర్. రోడ్డు పక్కన చుక్కల జింకలు గుంపుగా మేస్తున్నాయి, చిన్నోడు అరవకుండా చూడటానికి నోరు చేత్తో మూసుకున్నాడు. తమిళనాడు మొదలయ్యే దగ్గర బస్సులోకెక్కి ప్లాస్టిక్ బాటిళ్ళు ఉన్నాయా అని చూశారు. మా స్టీలు బాటిళ్ళు చూసి ముందుకు పోయారు. కూనూరు చేరేసరికి బాగా రాత్రయింది. రూము ఆయన వేడివేడి రసం, అన్నం పెట్టించాడు. అత్త మోకాళ్ళకు మరుసటి రోజంతా పడక తప్పలేదు, ఆ బాధ ట్రావెల్స్ ఆయన ఖాతాలోదే.

అక్కడ తిరగడానికి లోకల్ టాక్సీలు చాలు. నీలగిరి బండ్లకుండే టీఎన్ 43 నంబరు, ఎల్లో బోర్డు చూసుకుని ఎక్కండి. ల్యాంబ్స్ రాక్, డాల్ఫిన్స్ నోస్ ఒకే దారిలో ఉన్నాయి, పొద్దున్నే పోవాలి, మధ్యాహ్నానికి మంచు కమ్మి లోయ కనిపించదు. సిమ్స్ పార్కులో అత్త బెంచీ మీద కూర్చుని శాలువా కప్పుకుని ఎంత సేపైనా లేవనంది. కోటగిరికి గవర్నమెంటు బస్సులోనే పోయాం. 1819లో కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివన్ కింద నుంచి మొదట ఎక్కి వచ్చింది ఈ కోటగిరి వైపే. ఊటీ ఆ తర్వాతి సంగతి. కోడనాడు వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే కింద మైదానం, అటువైపు మైసూరు పీఠభూమి అంచు. ఇన్నేళ్ళు సుద్దముక్కతో గీసింది నా ఎదురుగా ఉంది. పిల్లలకు అక్కడే పాఠం చెప్పాను, పక్కన నిలబడిన సేలం వాళ్ళ పిల్లలు కూడా విన్నారు. చిన్న రైల్లో కేత్తి స్టేషన్ వచ్చినప్పుడు మా ఆయన పిల్లల కంటే ముందు కిటికీ దగ్గరికి పోయాడు.

డబ్బు సంగతి ఇంకా తేలలేదు. "ట్రిప్పు మీరే క్యాన్సిల్ చేసుకున్నారు, అడ్వాన్సు రాదు" అని ఆయన మెసేజ్ పెట్టాడు. మాట్లాడుకున్న బండి నంబరున్న మెసేజ్, ఈ-పాస్, వచ్చిన కారు ఫోటో, డబ్బు కట్టిన రసీదు నా దగ్గరున్నాయి. కూనూరు నుంచే 1915కు, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. ఆ సంగతి ఆయనకు తెలిసిన సాయంత్రమే మూడు వేలు వెనక్కి వేశాడు, "సార్‌కి చెప్పండి, సెటిల్ చేసేసుకుందాం" అని ఒక మాట తోడు పెట్టి. మిగతా రెండు వేలు రావాలి. సోమవారం ఆఫీసులు తెరవగానే ఫిర్యాదు నంబరు పెట్టుకుని మళ్ళీ ఫోన్ చేస్తాను, నేనే.