పడౌకు కోలలు

మా ఇంట్లో టీవీ పక్కన ఒక కర్ర ఉంటుంది. జానెడున్నర పొడవు, ముదురెరుపు రంగు, ఒక కొసన చిన్న సొట్ట. వైజాగ్‌లో మా ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి అప్పడాల కర్ర అనుకుంటారు. చేతిలోకి తీసుకున్నాక "ఇంత బరువుందేంటి!" అంటారు. అప్పుడు చెప్తాను, అది అండమాన్ పడౌకు అనే చెట్టు చెక్క, మా నాన్న చెక్కిన కోలాటం కర్ర అని. మరి రెండోది ఏదీ అని అడిగితే మాత్రం ఏదో ఒకటి చెప్పి మాట మార్చేస్తాను. నాతో బడిలో చదివిన మీకు ఆ కథ పైపైన తెలుసు. మొత్తం మీకు కూడా తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మనం చదివిన ఊరికి ఇప్పుడు పేరు మారింది. 2024 సెప్టెంబరులో అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. అంతకుముందే, 2018 డిసెంబరులో, రాస్ ఐలాండ్‌కి నేతాజీ పేరు పెట్టారు. హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 1943 డిసెంబరు 30న నేతాజీ మన ఊళ్ళో జెండా ఎగరేశారని సోషల్ సార్ ఏటా నిలబెట్టి అడిగేవారు, గుర్తుంది కదా! కొత్త పేర్లంటే నాకు గౌరవమే. కానీ ఇది 1996 నాటి ముచ్చట. అప్పుడు మన నోట్లో ఆడిన పేర్లే రాస్తాను.

పెళ్ళయి మెయిన్‌లాండ్ వచ్చిన మొదటి ఏడాది నాకు చాలా వింతగా అనిపించింది. పక్క వీధిలో పండగ జరుగుతుంటే "అది వాళ్ళదమ్మా, మనది కాదు" అన్నారు అత్తగారు. ఆ మాట నాకు అర్థం కాలేదు. మనకి ఏది మనది కాదు? దుర్గాపూజకి బెంగాలీవాళ్ళ పందిట్లో కిచిడీ భోగ్ తినడానికి ముందు వరసలో కూర్చునేది మనమే. తమిళులవాళ్ళ పంగుని ఉత్తిరం పండక్కి కావడులు వస్తుంటే రోడ్డు పక్కన మజ్జిగ గ్లాసులు అందించింది మనమే. క్రిస్మస్ ముందు రాత్రుళ్ళు రాంచీ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు పాడుకుంటూ వీధులన్నీ తిరుగుతుంటే చెప్పుల్లేకుండా వాళ్ళ వెనకాల పరిగెత్తింది కూడా మనమే. మన భోగిమంటకి కొబ్బరి మట్టలు, డొక్కలు ఈడ్చుకొచ్చినవాళ్ళలో సగంమందికి భోగి అంటే ఏమిటో తెలియదు. మంట అంటే చాలు, వచ్చేసేవారు. ఆ పొగ వాసన ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు. పిడకల పొగలా ఉండదది, కొంచెం నూనె మాడినట్టు ఉంటుంది.

అందరం సముద్రం దాటి వచ్చినవాళ్ళమే కదా. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వైజాగ్ రేవులో షిప్పెక్కి, మూడు రాత్రుళ్ళు బంక్ క్లాసులో పడుకుని దిగారు. మన క్లాసులో ఎక్కువమంది నాన్నలదీ, తాతలదీ అదే దారి. పండక్కి ఊరెళ్దామంటే షిప్పు టికెట్ దొరకాలి, సముద్రం బాగుండాలి. కాబట్టి పండగ ఎక్కడున్నామో అక్కడే, పక్కన ఎవరుంటే వాళ్ళతోనే.

అన్నిటికంటే పెద్ద పండగ మాత్రం ఏ దేవుడిదీ కాదు, మేళా. ఐలాండ్ టూరిజం ఫెస్టివల్ అని బ్యానర్ల మీద ఉండేది కానీ ఆ పేరు పలికిన పిల్లని నేను చూడలేదు. జెయింట్ వీల్, ఫారెస్ట్ వాళ్ళ స్టాలు, ఫిషరీస్ వాళ్ళ స్టాలు, మెయిన్‌లాండ్ నుంచి వచ్చే డాన్స్ ట్రూపులు. జనవరిలో మనకి ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది. మనం అంత తూర్పున ఉన్నా గడియారం మాత్రం మెయిన్‌లాండ్‌దే కదా. ఆ చీకట్లో గ్రౌండు లైట్లన్నీ ఒక్కసారి వెలిగితే ఎవరో ఒకరు "హోయ్" అని అరిచేవారు, వెంటనే గ్రౌండంతా అరిచేది.

మనం తొమ్మిదిలో ఉండగా, ఆ మేళాలో మన బడికి కూడా పది నిమిషాలు ఇచ్చారు. "కోలాటం చేద్దాం" అన్నారు తెలుగు మేడమ్. ఎనిమిదిమంది ఆడపిల్లలు, ఎనిమిదిమంది మగపిల్లలు. కోపులు, అంటే కోలాటంలో అడుగుల వరసలు, మేడమ్‌కి వచ్చు, పాట మేడమ్‌కి వచ్చు, కోలలే లేవు. వెదురు బద్దలతో రెండు రోజులు ప్రాక్టీసు చేస్తే చీలికలు లేచి వేళ్ళలో గుచ్చుకున్నాయి.

మా నాన్న వడ్రంగి. చాథం మిల్లు నుంచి వచ్చిన ముక్కలు మా పెరట్లో పొయ్యి కోసం ఎప్పుడూ పేర్చి ఉండేవి. చాథం అంటే మీకు చెప్పక్కర్లేదు. 1883లో పెట్టిన రంపం మిల్లు, వంతెన దాటి వెళ్ళాలి. 1942లో బాంబు పడిన గుంత దగ్గర మనందరం ఫోటో దిగాం. ఆ ముక్కల్లోంచి నాన్న ఎర్రటివి ఏరి పక్కన పెట్టారు. మూడు రాత్రుళ్ళు కూర్చుని ముప్ఫై రెండు కోలలు చెక్కారు. నేను గరుకు కాగితంతో రుద్దాను. ఆ ఎర్రటి పొడి నా అరచేతుల గీతల్లోకి ఇంకిపోయి, మర్నాడు అన్నం కలుపుకుంటుంటే అమ్మ గోరింటాకు పెట్టుకున్నావా అని అడిగింది.

"నాన్నా, ఇవి బరువున్నాయి, చేతులు లాగేస్తన్నాయి" అన్నాను.

"పడౌకే గుంటా ఇది. చెయ్యి నొప్పెట్టినా కర్ర ఇరగదు. కొట్టి సూడు, ఎలాగ పలుకుతాదో" అన్నారు.

కొట్టి చూశాను. వెదురు టకటకమంటుంది. ఇది అలా కాదు, లోపలెక్కడో గంట ఉన్నట్టు ఖణ్ణుమంది. పదహారుమంది ఒక్కసారి కొడితే ఎలా ఉంటుందో మొదటి ప్రాక్టీసులో విన్నాం. పక్క క్లాసు పిల్లలు పాఠం వదిలేసి కిటికీల దగ్గరికి వచ్చేశారు. మేడమ్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇంకోసారి కొట్టండి" అన్నారు. ఈ జ్ఞాపకం మీకూ ఉందా, నాకొక్కదానికేనా?

మేళా రోజు మనకంటే ముందు కార్ నికోబార్ దీవి నుంచి వచ్చిన ట్రూపు ఉంది. వాళ్ళు లేత కొబ్బరాకులు నడుముకీ తలకీ చుట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. ఒకరి చెయ్యి పక్కవాళ్ళ వీపు మీదుగా అవతలివాళ్ళ భుజం మీదికి. అలా అందరూ ఒకే తాడుకి కట్టినట్టు అయిపోయారు. డప్పు లేదు, తాళం లేదు, వాళ్ళ గొంతులే. ఒక్క అడుగు పక్కకి, ఇంకో అడుగు పక్కకి, చిన్నగా ఒక ఊగు. సముద్రం సద్దుమణిగి ఉన్నప్పుడు డోంగీ పడవ ఊగుతుందే, అలాగ. మెట్ల పక్కన నిలబడి చూస్తూ నేను టెన్షన్ మర్చిపోయాను.

తర్వాత మనం ఎక్కాం. మొదటి రెండు కోపులూ బాగా వచ్చాయి. మూడోది జోరుది. అరచేతులు చెమటకి జారుతున్నాయి. తిరిగి కొట్టేటప్పుడు నా కుడిచేతి కోల ఎగిరి స్టేజీ మీంచి కింద చీకట్లో పడింది. నా గుండె జారిపోయింది. ఆగితే వరస మొత్తం చెడిపోతుంది. ఖాళీ చేత్తోనే తిరుగుతున్నాను. నా ఎదురు జతగాడు నా ఒక్క కోల మీదే రెండుసార్లు కొట్టి తాళం నిలబెట్టాడు. నువ్వు ఇది చదువుతుంటావు, అందుకే చెప్తున్నాను, ఆ రోజు నన్ను కాపాడింది నువ్వే.

రెండు చుట్లు అయ్యాక స్టేజీ అంచు దగ్గరికి వచ్చేసరికి కింది నుంచి ఒక చెయ్యి పైకి లేచింది. చేతిలో నా కోల. ఇందాకటి నికోబారీ ట్రూపులో చివర నిలబడిన కుర్రాడు, మన వయసే. అడుగు తప్పకుండా వంగి అందుకున్నాను. జనం చప్పట్లు కొట్టారు. అది డాన్సులో భాగమే అనుకున్నారేమో.

స్టేజీ వెనకాల మిగతా ట్రూపులు మేకప్ తుడుచుకుంటుంటే, ఆ కుర్రాడూ వాళ్ళ వాళ్ళు నలుగురైదుగురూ వచ్చి కోలలు చూపించమన్నారు. మన హిందీ, వాళ్ళ హిందీ, రెండూ అండమాన్ హిందీయే కాబట్టి మాటకి ఇబ్బంది లేదు. మొదటి కోపు నేర్పించాం. అయిదు నిమిషాల్లో పట్టేశారు. తర్వాత వాళ్ళు మనల్ని మధ్య మధ్యలో నిలబెట్టుకుని భుజాల మీద చేతులేశారు. నేను రెండుసార్లు తప్పు కాలు వేశాను. తప్పు కాలు వేసినా పడిపోం, రెండు పక్కల నుంచీ వాళ్ళ చేతులు పట్టుకునే ఉంటాయి. లైట్లు తీసేదాకా ఊగుతూనే ఉన్నాం. మేడమ్ కూడా చెప్పులు విప్పి వచ్చి కలిశారు. ఆవిడ అలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

వెళ్ళేటప్పుడు ఆ కుర్రాడికి నా కోల ఒకటి ఇచ్చాను. అతను తలకి చుట్టుకున్న కొబ్బరాకు కట్టు నాకు ఇచ్చాడు. వచ్చే మేళాకి రెండూ కలుపుదామన్నాడు. వచ్చే మేళాకి మనం పదో తరగతి. పరీక్షలని ఇంట్లో వాళ్ళు కదలనివ్వలేదు.

ఆ ఏడాది మార్చిలో బడి వాళ్ళు కోలాటం బృందాన్ని జాలీ బాయ్ దీవికి తీసుకెళ్ళారు. వండూర్ జెట్టీ నుంచి బోటు. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉందా దీవి. పులిహోర డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. దీవికి జెట్టీ లేదు. పెద్ద బోటు దూరంగా ఆగితే, అడుగున అద్దం బిగించిన చిన్న బోటులోకి దిగాలి. దిగగానే అందరం గోల గోల. అద్దం మీదికి వంగాక ఒక్కరికీ మాట లేదు. కాళ్ళ కింద పగడాలు, దుప్పి కొమ్ముల్లా కొన్ని, మెదడు ముడతల్లా కొన్ని. నీలం పెదాలున్న పెద్ద ఆలిచిప్ప మన నీడ పడగానే నోరు మూసుకుంది. ఒక పచ్చటి చేప పగడాన్ని కొరుకుతోంది. "ఇంటికి తీసుకెళ్ళడానికి ఒక్క ముక్కయినా ముట్టుకోకూడదు" అన్నాడు బోటతను. మనలో ఒక్కరూ ముట్టుకోలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ గర్వమే.

2004 డిసెంబరు 26 సునామీ గురించి నేను ఎక్కువ రాయలేను. అప్పటికి నేను వైజాగ్‌లో ఉన్నాను. ఆదివారం పొద్దున్న మంచం ఊగింది. ఫోన్లు పనిచెయ్యలేదు. అమ్మానాన్నా క్షేమమని తెలియడానికి రెండు రోజులు పట్టింది. సిప్పీఘాట్‌లో మనం సైకిళ్ళు వేసుకుని తిరిగిన పొలాలు నీళ్ళలోకి వెళ్ళిపోయాయి, మళ్ళీ బయటికి రాలేదు. నాన్న అవన్నీ చెప్తున్నారు. నేను వింటున్నాను కానీ, టీవీలో కార్ నికోబార్ అన్న మాట వచ్చినప్పుడల్లా నా చూపు ఆ కర్ర మీదికి పోయేది. ఒడ్డున ఉన్న ఊళ్ళు ఊళ్ళే కొట్టుకుపోయాయని చెప్తున్నారు.

2012లో పిల్లల్ని తీసుకుని పోర్ట్ బ్లెయిర్ వచ్చాను. జాలీ బాయ్‌కి కూడా తీసుకెళ్ళాను. 2010లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడిపోయాయని బోటులోనే చెప్పారు. అద్దం కింద చాలాచోట్ల బూడిద రంగే ఉంది. మా చిన్నది మాత్రం ఒక చారల చేపని చూసి ఎగిరి గంతేసింది. దానికి అదే మొదటిసారి కాబట్టి పోలిక లేదు. అది అలా గంతేస్తుంటే నాకు ఏడుపు, సంతోషం రెండూ వచ్చాయి.

సాయంత్రం మేళాకి వెళ్ళాం. నికోబారీ ట్రూపు ఉంది. అదే కొబ్బరాకు, అదే గుండ్రం, అదే అడుగు. అయిపోయాక స్టేజీ వెనక్కి వెళ్ళి పెద్దాయన ఒకరిని అడిగాను, 1996లో వచ్చినవాళ్ళలో ఫలానా పేరు గల అబ్బాయి ఉండేవాడు, తెలుసా అని. ఆయన నెమ్మదిగా విని, "ఆ పేరు చాలామందికి ఉందమ్మా. ఏ ఊరు?" అన్నారు.

ఊరు నేను అడగలేదు. ఆ రాత్రి అంతసేపు చేతులు కలిపి ఆడాం, పేరు అడిగాను, ఊరు అడగలేదు. కార్ నికోబార్‌కి మనం పర్మిట్ లేకుండా వెళ్ళలేం. వెళ్ళినా ఏ ఊరి పేరు చెప్పి వెతకను? నా మొహం చూసి ఆ పెద్దాయన ఇంకేమీ అడగలేదు. మా చిన్నదాన్ని పిలిచి, వాళ్ళ పిల్లల మధ్యలో నిలబెట్టి, దాని భుజం మీద చెయ్యి ఎలా వెయ్యాలో చూపించారు. అది మొదటి అడుగే తప్పు వేసింది. పడలేదు.

మన బడి స్నేహితుల కలయికకి కోలాటం ఉంటే బాగుంటుందని గ్రూపులో అనుకుంటున్నారు. మేడమ్ కూడా వస్తానన్నారట. ముప్ఫై రెండు కోలల్లో మీ దగ్గర ఎన్ని మిగిలాయో ఇళ్ళల్లో వెతకండి. అటకల మీదా, పాత ట్రంకు పెట్టెల్లోనూ ఉంటాయి. పడౌకుకి అంత తొందరగా చెద పట్టదని నాన్న అనేవారు. దొరికినవి దొరికినట్టు తీసుకురండి. నా దగ్గర ఒకటే ఉంది. నా ఎదురు జతగాడికి ఒక్క కోల మీద రెండుసార్లు కొట్టడం ఇంకా గుర్తుండాలి.