నాలుగో భాగం అడ్డుపడిన ఆదివారం

ఈ ఆదివారం మొత్తం కంప్యూటర్ పొట్ట విప్పుకొని కూర్చోవడంతోనే గడిచిపోయింది. పాత మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి నెల రోజులుగా సతాయిస్తుండటంతో, నిన్న సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కొత్త బోర్డు, ప్రాసెసర్, డీడీఆర్5 ర్యామ్ కొనుక్కొచ్చాను. కేబినెట్, పవర్ సప్లై, ఎస్ఎస్‌డీ మాత్రం పాతవే.

బటన్ నొక్కగానే ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోయింది. 24 పిన్నుల పెద్ద వయరు పెట్టి, ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే 8 పిన్నుల వయరును మరిచిపోయాను. అది పెట్టాక ఫ్యాన్లు తిరిగాయి గానీ, బోర్డు అంచున ర్యామ్ లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. ర్యామ్ తీసి, తుడిచి, స్లాటు మార్చి, ప్రతిసారీ అర నిమిషానికే ఆపేస్తూ గంటన్నర వృథా చేశాను. డీడీఆర్5 ర్యామ్‌ను కొత్త బోర్డు మొదటిసారి సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చని తెలిసి కూడా ఓపిక పట్టలేకపోయాను. “అన్నం తిన్నాక చూసుకోరా, అదెక్కడికీ పోదు” అని అమ్మ కేకేస్తే ఆపకుండానే లేచి వెళ్లాను; తిరిగి వచ్చేసరికి తెర మీద బయోస్ (విండోస్ కన్నా ముందు బోర్డును నడిపే ప్రోగ్రాము) కనిపిస్తోంది.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. నా డిస్కు, అంటే ఆ పాత ఎస్ఎస్‌డీ, పేరు బయోస్‌లో కనిపిస్తున్నా, బూట్ చేయడానికి (విండోస్‌ను మొదలుపెట్టడానికి) ఏ పరికరమూ లేదంటుంది. డిస్కును బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చాను, పవర్ సప్లైని అనుమానించాను, చివరికి బోర్డునే తిట్టుకున్నాను. ఆ డిస్కులోని విండోస్ 10, విండోస్ 7 మీద నుంచి 2015లో ఎక్కించుకున్నది కనుక డిస్కు ఇంకా భాగాలను నమోదు చేసుకునే ఎంబీఆర్ అనే పాత పద్ధతిలోనే ఉంది. పాత బయోస్ డిస్కు మొదటి 512 బైట్లను చదివి పని మొదలుపెడుతుంది. కొత్త బోర్డులోని యూఈఎఫ్ఐ (బయోస్‌కు కొత్త రూపం) మాత్రం ఈఎఫ్ఐ అనే ప్రత్యేక భాగం కోసం వెతుకుతుంది, అది నా డిస్కులో లేనే లేదు. పాత పద్ధతికి దారి ఇచ్చే సీఎస్ఎం అమరికేమో నొక్కడానికి వీల్లేకుండా మసకగా ఉంది.

విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్, ఎఫ్10 నొక్కి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, డిస్కును ఎంబీఆర్ నుంచి యూఈఎఫ్ఐకి కావలసిన జీపీటీ పద్ధతికి మార్చే ఎంబీఆర్‌టూజీపీటీ పనిముట్టుతో డిస్కును పరీక్షించాను. కుదరదంది. ఆ 512 బైట్లలో పార్టిషన్ల (డిస్కు భాగాల) పట్టికకు దక్కేది 64 బైట్లే, ఒక్కో భాగానికి 16 చొప్పున నాలుగింటికే చోటు; ఆ నాలుగూ నేను వాడేశాను. మార్పిడి జరగాలంటే ఇలా పట్టికలో నేరుగా నమోదయ్యే ప్రైమరీ భాగాలు మూడుకు మించకూడదు. పాటల కోసం ఎప్పుడో విడదీసిన చివరి భాగమే అడ్డు. అందులోని పాటలన్నీ వేరే డిస్కులో ఉన్నాయని రెండుసార్లు చూసుకున్నాక గానీ డిస్కు భాగాలను సవరించే డిస్క్‌పార్ట్‌లో దాన్ని తొలగించడానికి చేయి రాలేదు.

ఈసారి మార్పిడి నిమిషంలోపే ముగిసింది. బయోస్ జాబితాలో విండోస్ బూట్ మేనేజర్ అన్న పేరు ప్రత్యక్షమైంది, ఏడు గంటలకు నా పాత డెస్క్‌టాప్, ఎక్కడి ఫైళ్లు అక్కడే, తెర మీదకు వచ్చింది. లైసెన్సు పాత బోర్డుతో ముడిపడినది కావడంతో విండోస్ యాక్టివేషన్ (లైసెన్సు ఉన్న కాపీయేనన్న గుర్తింపు) మాత్రం పోయింది. దాని సంగతి రేపు చూస్తాను. కేబినెట్ పక్క రేకు ఇంకా బిగించలేదు.