పక్షులాయన సమాధి, పక్కనే ఐ-95

న్యూజెర్సీ ఎడిసన్ నుంచి ఫిలడెల్ఫియా పోతే లిబర్టీ బెల్, చీజ్‌స్టేక్ శాండ్‌విచ్, వెనక్కి, అంతే కదా ఎవరైనా చేసేది. ఈసారి మా బావమరిదిని బలవంతంగా ఓల్డ్ స్వీడ్స్ చర్చికి లాక్కుపోయా, అమెరికా పక్షుల మీద బొమ్మల పుస్తకం వేసిన అలెగ్జాండర్ విల్సన్ సమాధి అక్కడుంది మరి. టోల్, పార్కింగ్ కలిపి జేబు ఖాళీ, అది వేరే ఏడుపు. పొద్దున బార్ట్రామ్ గార్డెన్ చూశాం, టికెట్ లేదు, చెట్లు బావున్నాయి. అక్కడికి దగ్గర్లోనే విల్సన్ బడిపంతులుగా చేశాడు, ఆ తోట కుటుంబంలోని విలియం బార్ట్రామే ఆయనకి పక్షుల పిచ్చి ఎక్కించాడు. అంతకుముందు స్కాట్లాండ్‌లో మగ్గం నేసేవాడు, మిల్లు ఓనర్ని తిడుతూ పద్యం రాసి జైలుకెళ్ళి, 1794లో ఇటొచ్చేశాడు.

పక్షులు పాడేచోట పాతిపెట్టండి అన్నాడని చెప్తారు. ఇప్పుడు అక్కడ నిలబడితే ఐ-95 హైవే మీద ట్రక్కుల మోతే. కనిపించినవి పిచ్చుకలు, అవీ ఈయన పోయాక 1850ల్లో యూరప్ నుంచి తెచ్చి వదిలినవే! సమాధి రాయి మీద పుట్టింది, వచ్చింది, పోయింది అన్నీ చెక్కారు, జిగట విరేచనాలతో 1813లో 47 ఏళ్ళకి పోయాడని కూడా. మా వాడు ఒకటే నవ్వు, "బావా, ఇదెవడైనా రాతి మీద చెక్కిస్తాడా" అని.

నాకు మాత్రం నవ్వు రాలా. తొమ్మిది వాల్యూముల పుస్తకం, సెట్ 120 డాలర్లు, ఆ రోజుల్లో! బొమ్మలు తనే గీశాడు, రంగులేసేవాళ్ళు దొరక్కపోతే చివర్లో రంగులూ తనే, మళ్ళీ ఇన్సూరెన్స్ ఏజెంట్‌లా ఊరూరా తిరిగి చందాదారుల్ని పట్టాడు. 1810లో పిట్స్‌బర్గ్ నుంచి లూయీవిల్ దాకా ఓహియో నదిలో ఒక్కడే పడవేసుకుని పోయాడు. అక్కడ ఒక షాపులో ఆడుబాన్ (ఈయనా పక్షుల బొమ్మలు గీసేవాడే) పుస్తకం చందాకి సంతకం పెట్టబోతుంటే పార్ట్‌నర్ ఫ్రెంచిలో "నీ బొమ్మలే ఇంతకంటే బావుంటాయి" అన్నాడట, పెన్ను పక్కన పెట్టేశాడు (ఆడుబానే రాసుకున్నాడు ఇది). తర్వాత పేరంతా ఆడుబాన్‌దే, నాకు ఇదే మంట.

ఆ ట్రిప్పులోనే గాయపడ్డ కెరొలీనా చిలకని జేబులో పెట్టుకుని అడవులన్నీ తిరిగాడు, చివరికి అది సముద్రంలో పడి పోయింది. ఇది చెప్తే మా వాడు ఫోన్ తీసి, ఆ చిలకలు ఎక్కడ చూడొచ్చో వెతకడం మొదలెట్టాడు. ఎక్కడా చూడలేం రా, జూలో ఉన్న ఆఖరిది 1918లోనే పోయింది అన్నా. "అయితే చీజ్‌స్టేక్‌కైనా పోదాం పద" అన్నాడు.