ఊపిరికి సరిపడా సాధన

బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివారి సంగీతం. దాన్ని హార్మోనికా, అంటే మౌత్ ఆర్గాన్ మీద వాయించేటప్పుడు ఊదడం కంటే పీల్చడమే ఎక్కువ. సి కీ (సి శ్రుతికి చేసిన) హార్మోనికా పట్టుకుని జి శ్రుతిలో వాయిస్తారు, దాన్ని క్రాస్ హార్ప్ అంటారు. కావలసిన స్వరాల్లో చాలావరకు గాలి లోపలికి లాగితేనే పలుకుతాయి. వాయించేకొద్దీ ఛాతీ నిండిపోతుంది, వదలడానికి సందు దొరకదు, కాసేపటికి తల తిరుగుతుంది. అందుకే రోజుకు ఎంతసేపు అన్నది నేను టైమ్‌టేబుల్ వేసి నిర్ణయించలేదు. పది నిమిషాలయ్యాక స్వరం పలచబడిపోయేది, అక్కడితో ఆపేవాణ్ణి. పొద్దున ఒక విడత, రాత్రి ఒక విడత.

మన దగ్గర మౌత్ ఆర్గాన్ అంటే సినిమా పాటలే. సికింద్రాబాద్‌లో నేను వెళ్లిన షాపులో ముందుగా 24 రంధ్రాల ట్రెమలో రకం చేతిలో పెట్టారు. పాటలకు అది హాయిగా ఉంటుంది. ఒక్కో స్వరానికి కాస్త తేడాగా శ్రుతి చేసిన రెండు రీడ్లు (గాలికి కంపించే లోహపు రేకులు) కలిసి మోగుతాయి, ఆ కంపం అక్కణ్ణుంచే వస్తుంది. కానీ బ్లూస్‌కి ప్రాణమైన బెండింగ్, అంటే స్వరాన్ని కిందికి వంచడం, దాని మీద సరిగా కుదరదు. పది రంధ్రాల డయటానిక్ (ఒకే శ్రుతి స్వరాలకు చేసిన రకం), సి కీ కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నాను.

మొదట్లో బెండ్ జోలికే వెళ్లలేదు. ఒక్కో రంధ్రం విడిగా పలికించడం, తర్వాత రైలు చప్పుడు, అంతే. లోపలికి రెండు, బయటికి రెండు, నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచడం. అమెరికా దక్షిణాది హార్మోనికా వాళ్లకు ఇది పాత అలవాటు. (వాళ్లది ఆవిరి ఇంజన్. మన ఎంఎంటీఎస్‌ని అనుకరించాలంటే ఏం వాయించాలో నాకు తెలియదు.) ఎక్కువైన గాలిని ముక్కు గుండా వదిలేయడం నాకు ఈ రైలుతోనే అలవాటైంది.

బెండింగ్ 4వ రంధ్రంతో మొదలుపెట్టాను, అక్కడ దిగాల్సింది అర స్వరమే. గట్టిగా లాగితే స్వరం దిగదు. నాలుక వెనక భాగాన్ని కదిలించి నోటి లోపలి ఆకారం మార్చాలి. బలం పెడితే రీడ్ పాడవుతుంది. ఎక్కువగా బెండ్ చేసే రంధ్రాల రీడ్లే ముందు శ్రుతి తప్పుతాయి. కాబట్టి నాలుగైదు సార్లకు రాకపోతే ఆ పూటకు వదిలేసి రైలు వాయించుకునేవాణ్ణి. మర్నాడు అదే తేలిగ్గా వచ్చిన సందర్భాలున్నాయి.

అన్నిటికంటే ఎక్కువ కాలం తీసుకున్నది 3వ రంధ్రం. చిన్నప్పుడు నేర్చుకున్న కాస్త కర్ణాటక సంగీతం ఇక్కడ పనికొచ్చింది. జి ని షడ్జమం అనుకుంటే, ఆ రంధ్రం మామూలుగా పీలిస్తే అంతర గాంధారం. కొంచెం వంచితే సాధారణ గాంధారం, ఇంకా వంచితే చతుశ్శ్రుతి రిషభం, చివరికి శుద్ధ రిషభం. అన్నీ ఒక్క రంధ్రంలోనే! బ్లూస్ వాళ్లకు ఇష్టమైన గాంధారం మాత్రం ఆ రెండు గాంధారాలకూ మధ్య ఉంటుంది. ఫోన్‌లో తంబురా యాప్‌ని జి లో పెట్టి, ముందు స్వరం పాడి, తర్వాత వాయించేవాణ్ణి. పాడలేని స్వరం వాయించడం నావల్ల కాలేదు.

రాత్రి విడత బాత్రూమ్‌లో, తలుపు వేసుకుని. ఒకరోజు వాచ్‌మన్ వచ్చి, "సార్, మీ ఇంట్ల ఎవరన్నా ఏడుస్తున్నరా? పైన ఆంటీ అడుగుతున్నరు" అన్నాడు. నిజానికి ఆంటీకి మంచి చెవి ఉంది. ఆ తర్వాత బెండ్‌లన్నీ పొద్దుటి విడతకు మార్చాను, రాత్రి పూట మెల్లగా లయ మాత్రమే.

లయ అంటే 12 బార్లు, ఒక్కో బారుకు నాలుగు దెబ్బలు. మొదటి నాలుగు జి, రెండు సి, మళ్లీ రెండు జి, ఆపైన డి ఒకటి, సి ఒకటి, చివరి రెండు జి. మెట్రోనోమ్ (తాళం చూపే యంత్రం) నిమిషానికి 60 దెబ్బల మీద పెడితే ఒక ఆవర్తనానికి 48 సెకన్లు. ఐదు ఆవర్తనాలంటే నాలుగు నిమిషాలు. వినడానికి తక్కువే, కానీ స్వరం తెగకుండా, ఆయాసం రాకుండా ఐదూ పూర్తయ్యేదాకా 65కి జరపలేదు. వాయించని రోజుల్లో మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో బ్లూస్ హార్మోనికా విద్వాంసుడు లిటిల్ వాల్టర్‌ని వినేవాణ్ణి. ఆయన ఎక్కడ ఆగుతాడో లెక్కపెట్టడం కూడా సాధనే అని నా ఉద్దేశం. ఆ ఖాళీల్లోనే ఊపిరి తీసుకునే చోట్లు తెలుస్తాయి.

ఇప్పుడు 80 దగ్గర ఉన్నాను. మా బావమరిది గిటార్ ఇ లో వాయిస్తాడు, దానికోసం ఎ కీ హార్మోనికా కొన్నాను. కీ మారితే అదే బెండ్‌కు నాలుక ఉండాల్సిన చోటు కూడా కాస్త మారుతుంది, కాబట్టి దాని మీద మళ్లీ 4వ రంధ్రమే, 60 దగ్గరే. "ఆదివారం కూర్చుందామా బావా?" అని ఫోన్ చేశాడు. నెమ్మదిగా వాయిస్తానంటే వస్తానన్నాను.