ఏం చదవతాండావు నాయనా?

ప్రవాసంలో పిల్లల్ని పెంచుతున్నవాళ్లం ఎక్కడ కలిసినా మాట తిరిగి తిరిగి ఒక చోటికే చేరుతుంది: పిల్లలకు తెలుగు చదవడం వచ్చా, రాదా? కువైట్‌లో కడప, రాజంపేట, రాయచోటి వాళ్లకు కొదవ లేదు కాబట్టి ఈ చర్చకూ కొదవ లేదు. నాకు మాత్రం అంతకంటే ముఖ్యమనిపించే ప్రశ్న ఇంకొకటి ఉంది. ఇంట్లో ఎవరు ఏ పుస్తకం చదువుతున్నారో మిగిలినవాళ్లకు తెలుసా, తెలిస్తే ఆ సంగతి ఏ భాషలో చెప్పుకుంటున్నారు? మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర సాగే పుస్తకాల కబుర్లకు ఒకే షరతు. పుస్తకం ఏ భాషలోదైనా ఫరవాలేదు, చెప్పడం మాత్రం తెలుగులో చెప్పాలి. పెద్దవాళ్లకు కూడా మినహాయింపు లేదు.

ఈ అలవాటు కడపలో ఉంటున్న మా మామగారి నుంచి వచ్చింది. ఏటా బడి సెలవులకు పిల్లలను తీసుకొని అక్కడికే వస్తాం. కువైట్ ఎండ నుంచి కడప ఎండకు రావడాన్ని సెలవులనడం మా బంధువులకు పెద్ద నవ్వులాట. ఆర్టీసీలో పనిచేసి రిటైరైన మామగారు ఇంటికి వచ్చినవాళ్లెవరినైనా, మంచినీళ్లిచ్చిన వెంటనే, "ఏం చదవతాండావు నాయనా, రోంత మాకూ చెప్పు" అని అడుగుతారు. ఏమీ చదవడం లేదంటే తాను చదువుతున్నది చెప్పడం మొదలుపెడతారు గనుక, తెలిసినవాళ్లు ముందే ఏదో ఒకటి సిద్ధం చేసుకొని వస్తారు.

ఆయన చేతిలో ఇప్పుడున్నది పుట్టపర్తి నారాయణాచార్యుల శివతాండవం. దాన్ని ఆయన మౌనంగా చదవరు. పడక్కుర్చీ చేతిమీద తాళం వేస్తూ గొంతెత్తి చదువుతారు. మా పిల్లలకు అందులో సగం మాటలు అర్థం కావు, అయినా ఆ నడకకు మా చిన్నవాడి కాలు దానంతటదే ఆడుతుంది. అర్థం తెలియకుండా వింటే లాభమేమిటని అడిగేవాళ్లతో నేను ఏకీభవించను. కవిత్వం పిల్లల చెవికి ముందు పట్టి, బుద్ధికి ఆ తర్వాత ఎప్పుడో అందినా నష్టం లేదు. పుట్టపర్తివారు చిన్న వయసులోనే పెనుగొండలక్ష్మి కావ్యం రాశారనీ, తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే ఆ కావ్యమే పాఠ్యగ్రంథంగా ఎదురైందనీ తాతగారు చెప్పినప్పుడు మాత్రం పిల్లలకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. తాను రాసిన పుస్తకానికి తానే పరీక్ష రాయడమన్నది ఏ దేశపు బడిపిల్లలకైనా రుచించే కథ.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇటుకల్లాంటి ఇంగ్లీషు మాయాలోకపు నవలలు ఒకదాని వెనుక ఒకటి చదువుతుంది. వాటిని తెలుగులో చెప్పబోయి మధ్యమధ్య హిందీలోకి జారిపోతుంది. ఆ జారుడును ఎవరూ దిద్దరు. కథ నడవాలన్న ఆత్రంలో వాళ్ల జేజి, అంటే నాయనమ్మ, అడిగే ప్రశ్నలే ఆ పని చేస్తాయి. రాజ్యాలు కూలుతున్నా, డ్రాగన్లు నిప్పులు కక్కుతున్నా ఆమె అడిగేది వేరు: "ఆ పిల్లకాయలకు అమ్మా నాయనా ఏమైపాయిరి? అడివిలో వాళ్లకు అన్నం ఎవురు పెడ్తాండారు?" జవాబు దొరక్క అమ్మాయి లోపలికి వెళ్లి, పుస్తకం తెచ్చి, పేజీలు తిరగేసి, రొట్టె, జున్ను మూటగట్టుకొని పోయారని చెప్పింది. జేజి ఆ తిండితో తృప్తిపడలేదు. ఆ రాత్రి పావుగంటసేపు మా ఇంట్లో తెలుగు ధారగా నడిచింది.

తెలుగు పుస్తకాల దగ్గర వచ్చే ఇబ్బంది వేరు. పదమూడేళ్ల పిల్లకు ఆలోచన పదమూడేళ్లది, తెలుగు అక్షరాలు కూడబలుక్కొనే వేగం మాత్రం రెండో తరగతిది. ఆ వేగానికి సరిపోయే పుస్తకాలలో కాకులు, నక్కలు, చివర ఒక నీతి ఉంటాయి. వాటిని చేతికిస్తే తనను చిన్నపిల్లను చేశారని ఆమె చిన్నబుచ్చుకుంటుంది, అందులో తప్పేమీ లేదు. అందుకే ఆమె ఆలోచనకు తగిన కథలను నేనే పైకి చదువుతాను. ఈ సెలవుల్లో చదువుతున్నది 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కేతు విశ్వనాథరెడ్డి కథలు. వాన రాని చేలు, ఊళ్లో పెత్తనాలు, బయటికి చెప్పుకోలేని కుటుంబ కష్టాలు ఆ పిల్లకు కొత్త. అయితే వాటిలోని మనుషులు మాట్లాడే తీరు కొత్త కాదు, అది వాళ్ల జేజి మాట. కథ ముగిశాక నేను ప్రశ్నలు వేయను. ఇందులో నువ్వు నేర్చుకున్నదేమిటి అని అడిగితే చదువుకున్న కథ కాస్తా పరీక్ష పేపరయిపోతుంది.

చిన్నవాడికి పుస్తకం కంటే బోర్డులు ఇష్టం. రాయచోటి బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఊరి పేరు మొదటి రెండు అక్షరాలు పూర్తి చేసేలోపు ఆ ఊరు దాటిపోయేది. గువ్వలచెరువులో బస్సు ఆగినప్పుడు మాత్రం పేరు మొత్తం చదివేసి, పాలకోవా కొనిపించుకున్నాడు.

ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ బంగళా ఉండిన చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలతో వెలసిన సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి పిల్లలిద్దరినీ తీసుకొనిపోయాను. 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు చేరాక గానీ తెలుగు మొదలుపెట్టని ఆ దొర, 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చి, ఆ తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి తాళపత్ర గ్రంథాలకు నకళ్లు రాయించి, 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. అమ్మాయి వేళ్ల మీద లెక్క వేసుకొని, "అయితే నాకింకా టైముంది కదమ్మా" అంది. ఆ లెక్కను కాదనలేకపోయాను.

మావారికి సెలవు దొరకలేదు. కువైట్ గడియారం రెండున్నర గంటలు వెనుక కాబట్టి, మా భోజనాల వేళకు ఆయన పని నుంచి బయటపడి ఫోన్‌లో తన వంతు చెబుతారు. ఆయన చదువుతున్నది అనంతపురం రచయిత బండి నారాయణస్వామి చారిత్రక నవల శప్తభూమి. అనంతపురాన్ని ఏలిన హండే పాలకుల కాలపు సీమను ఆయన రోజుకింత చొప్పున చెబుతుంటే, అది తన మాయాలోకపు రాజ్యాల కంటే క్రూరంగా ఉందని అమ్మాయి తీర్పు చెప్పింది.

తిరుగు ప్రయాణంలో లగేజీ బరువు దగ్గర ప్రతిసారీ ఊరగాయకూ పుస్తకాలకూ పోటీ పడుతుంది. ఈసారి సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కొండపొలం పెట్టెలో పెట్టాను. కరువుకు మేత లేక గొర్రెల మందలను నల్లమలకు తోలుకొనిపోయే కాపరుల నవల అది. అందులో పులి ఉందని తెలిసినప్పటి నుంచి చిన్నవాడు దాన్ని తనకే మొదట చదివి వినిపించాలని పట్టుబడుతున్నాడు. అక్క ఒప్పుకోవడం లేదు, వంతు ప్రకారం ఈసారి ఎంచుకొనే హక్కు తనదట.