కార్పొరేట్ వేదిక నుంచి మాస్టడాన్‌కు మా బృందం ఖాతా మార్చిన తీరు: నా అనుభవం

పాత వేదిక నుంచి మా అధ్యయన బృందం ఖాతా ఆర్కైవ్ దింపుకుని, జిప్ ఫైలు విప్పగానే ముందు చూసింది ఫాలోవర్ల జాబితా. అందులో ఒక్క పేరూ లేదు. వరుసకొక పొడవాటి అంకె, దాని పక్కన మళ్లీ ఆ వేదికలోకే తీసుకెళ్లే లింకు. మేం రాసిన ప్రతి పోస్టూ, పెట్టిన ప్రతి బొమ్మా తేదీతో సహా పదిలంగా ఉన్నాయి. ఏళ్ల తరబడి వాటిని చదివినవాళ్ల దగ్గరికి చేరే దారి మాత్రం లేదు. కార్పొరేట్ అధికారం గురించి సభల్లో గంటలకొద్దీ చెప్పేది ఆ ఒక్క ఫైల్లో కళ్లకు కట్టింది: మన మాటలు మనకు తిరిగిస్తారు, మనుషుల మధ్య ఏర్పడిన బంధాలు మాత్రం వాళ్ల ఆస్తి. మేం వెళ్లింది మాస్టడాన్‌కు. అది ఒకే కంపెనీ చేతిలో లేని సోషల్ నెట్‌వర్క్, ఎవరికి వారు నడిపే సర్వర్లు (ఖాతాలను ఉంచి నడిపే కంప్యూటర్లు) ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ ఖాతాను మార్చే పని నాది కాబట్టి, ఏది ముందు చెయ్యాలో, ఎక్కడ దెబ్బతింటామో రాస్తున్నాను.

చట్టం ఎంతవరకు సాయపడుతుందో ముందే తెలుసుకుంటే మంచిది. పాశ్చాత్య ప్రజాస్వామ్యాల్లో, ముఖ్యంగా అమెరికాలో, వాక్ స్వాతంత్ర్యం అంటే ప్రభుత్వం నోరు నొక్కకూడదని. మాట్లాడే చోటు ఎవరి సొత్తు అనే ప్రశ్న అందులో దాదాపుగా రాదు. 1946లో ఒకసారి వచ్చింది. అలబామాలోని చికసా ఊరు మొత్తం ఒక నౌకా నిర్మాణ కంపెనీది. అక్కడి కాలిబాట మీద మత కరపత్రాలు పంచిన గ్రేస్ మార్ష్‌కు పడిన శిక్షను సుప్రీంకోర్టు కొట్టేసింది. ఊరు కంపెనీదైనా, ఊరిలా నడుస్తున్నప్పుడు మాట్లాడే హక్కు పోదని చెప్పింది. 1972కల్లా గాలి మారింది. పోర్ట్‌లాండ్ మాల్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచినవాళ్లకు ఆ రక్షణ దక్కలేదు. 2020లో ఒక అప్పీలు కోర్టు యూట్యూబ్ ప్రైవేటు వేదికే, వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే రాజ్యాంగ నిబంధన దానికి వర్తించదని తేల్చింది. కేసు వేసింది ఒక మితవాద సంస్థ. అయినా ఆ తీర్పు బరువు వామపక్షీయులమైన మన మీదా అంతే పడుతుంది.

యూరప్ కాస్త ముందుంది. 2018 నుంచి అమల్లో ఉన్న అక్కడి డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 20వ అధికరణం మన డేటా మనం పట్టుకెళ్లే హక్కు ఇస్తుంది. ఆ హక్కు మన సమాచారం దగ్గరే ఆగిపోతుంది, ఫాలోవర్ల దాకా రాదు. వేరే కంపెనీకి మారినా ఫోన్ నంబరు మనతోనే వచ్చినట్టు, ఏ సర్వర్ నుంచైనా పాతవాళ్లతో మాట్లాడగలిగితేనే అసలు విడుదల. 2021 డిసెంబరులో యూరోపియన్ పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ మార్కెట్ల చట్టం ముసాయిదాలో, ఇతర వేదికలవాళ్లతో ఇలా మాట్లాడనిచ్చే బాధ్యత సోషల్ నెట్‌వర్కుల మీద కూడా ఉంది. 2022 మార్చిలో బేరసారాలు ముగిసేసరికి అది మెసేజింగ్ యాప్‌లకే మిగిలింది. సోషల్ నెట్‌వర్కుల సంగతి తర్వాత సమీక్షిస్తామన్నారు. ఎన్నికైన సభ అడిగింది తలుపు మూసిన గదిలో తగ్గిపోవడం వామపక్షం చాలాకాలంగా చెబుతున్న విషయమే. కాబట్టి చట్టం కోసం పోరాడుతూనే, చేతనైనంత మనమే తరలించుకోవాలి.

వెళ్తున్నామని ప్రకటించే ముందే మూడు సిద్ధం చేసుకోవాలి. మొదటిది బృందం పేరుతో సొంత డొమైన్ (ఇంటర్నెట్ చిరునామా), ఇది ఒక వ్యక్తి పేరు మీద కాకుండా సంఘం పేరు మీద ఉండాలి. రెండోది ఈమెయిల్ జాబితా. మూడోది ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్, అంటే కొత్త పోస్టులను ఏ రీడర్ యాప్‌లోనైనా చదువుకోనిచ్చే లింకు. మాస్టడాన్‌లో ప్రతి బహిరంగ ఖాతాకూ ఇది పుట్టుకతోనే ఉంటుంది, ప్రొఫైల్ చిరునామా చివర డాట్ ఆర్‌ఎస్‌ఎస్ తగిలిస్తే చాలు. ఈ మూడూ ఉంటే రేపు ఏ వేదిక పోయినా మనుషుల దగ్గరికి దారి ఉంటుంది.

తర్వాత కనీసం ఆరు వారాలు రెండు చోట్లా పోస్టు చేస్తూ కొత్త చిరునామా చెబుతూ ఉండాలి. ఒక్కసారి చెప్పి ఊరుకుంటే చూసేవాళ్లు గుప్పెడు మంది. చిరునామాను లింకుగానే కాక బొమ్మలో అక్షరాలుగా కూడా పెట్టండి. 2022 డిసెంబరు 18న ట్విట్టర్ మాస్టడాన్ లాంటి వేదికల లింకులను నిషేధించింది. గొడవ కావడంతో రోజు తిరిగేలోపే వెనక్కి తీసుకుంది. అక్టోబరులో 4,400 కోట్ల డాలర్లకు చేతులు మారిన చోట, యజమాని తలుచుకుంటే బయటికి దారి చూపే బోర్డు కూడా పీకేయగలడని ఆ ఒక్క రోజు చాటింది. 2023 తొలి నెలల్లో ట్విట్టర్ ఇతరులు తయారుచేసిన యాప్‌లను ఆపేసి, బయటి ప్రోగ్రాములు తనతో మాట్లాడే దారి అయిన ఉచిత ఏపీఐని మూసేసరికి, పాత మిత్రులను కొత్త చోట వెతికిపెట్టే పనిముట్లు కూడా మూలనపడ్డాయి. ఇప్పుడు చేత్తో చెయ్యాల్సిందే. మాతో తరచూ మాట్లాడేవాళ్లను విడిగా రాసుకుని, ఒక్కొక్కరికీ సందేశం పంపాం. విసుగు పుట్టించే పనే, కానీ అన్నిటికన్నా ఫలితమిచ్చింది ఇదే.

ఇక సర్వర్. మాస్టడాన్ సర్వర్లు మాట్లాడుకునే భాష యాక్టివిటీపబ్ 2018 జనవరి నుంచి వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణం కాబట్టి ఏ సర్వర్లో ఉన్నా మిగతావాటితో మాట్లాడొచ్చు. అందువల్ల సాంకేతికత కన్నా పాలన చూసి ఎంచుకోవాలి. నా ఓటు సహకార సంఘాలకే. సోషల్.కోప్ అలాంటిది, సభ్యులు చందా కడతారు, నిర్ణయాలు లూమియో అనే ఆన్‌లైన్ చర్చా పనిముట్టులో ఓటు వేసి తీసుకుంటారు. ఎక్కడ చేరినా నాలుగు అడగండి: రోజూ బ్యాకప్ ఉందా, అత్యవసరంలో సర్వర్ తెరవగలిగిన రెండో మనిషి ఉన్నారా, మూసేస్తే మూడు నెలల ముందు చెబుతారా, జాతి, లింగ ద్వేషం మీద నిజంగా చర్య ఉంటుందా. మాస్టడాన్ సంస్థ తన జాబితాలోకి సర్వర్లను చేర్చుకోవడానికి పెట్టుకున్న షరతులు కూడా ఇవే.

మేం మొదట ఒక సహకార సర్వర్లో ఉండి, తర్వాత సొంత సర్వర్‌కు మారాం. సొంతంగా నడపాలంటే మీ సర్వర్ చిరునామాను నిర్ణయించే లోకల్ డొమైన్ అనే సెట్టింగును వందసార్లు ఆలోచించి రాయాలి. ఒకసారి మిగతా సర్వర్లతో మాట మొదలయ్యాక దాన్ని మార్చలేం, మారిస్తే కొత్త మనిషైనట్టే. చిన్న బృందానికి 4 జీబీ ర్యామ్ సుఖం, 2 జీబీతో అప్‌డేట్ల సమయంలో ఊపిరాడదు. మెయిల్ పంపడానికి విడిగా ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపిపెట్టే) సేవ పెట్టుకోండి. సర్వర్లు అద్దెకిచ్చే చాలా హోస్టింగ్ కంపెనీలు మెయిల్ బయటికి వెళ్లే 25వ పోర్టును మూసి ఉంచుతాయి, దాంతో నమోదు మెయిళ్లు వెళ్లవు, తప్పెక్కడో అంతుపట్టదు.

అసలు దెబ్బ డిస్కు దగ్గర. మీ సభ్యులు ఫాలో అయ్యే వాళ్ల బొమ్మలన్నీ మీ సర్వర్లో నకలు పడతాయి. డిస్కు నిండితే డేటాబేస్ రాయడం ఆపేస్తుంది, సర్వర్ మొత్తం ఆగిపోతుంది. అడ్మిన్ సెట్టింగుల్లో మీడియా కాష్ గడువు (ఆ నకళ్లను ఉంచే కాలం) 7 రోజులు పెట్టండి. దాని పక్కనే కంటెంట్ కాష్ గడువు అని ఇంకోటి ఉంటుంది, దాని జోలికి పోవద్దు. అది బయటి పోస్టులనే చెరిపేస్తుంది, సభ్యులు దాచుకున్న బుక్‌మార్కులూ పోతాయి, మళ్లీ రావు. బ్యాకప్‌లో డేటాబేస్, సభ్యులు ఎక్కించిన ఫైళ్లు, రహస్య తాళాలున్న ఎన్వ్ (సెట్టింగుల) ఫైలు, ఈ మూడూ ఉండాలి. మూడోది మరిచిపోతే డేటాబేస్ తిరిగొచ్చినా, రెండంచెల లాగిన్ పెట్టుకున్నవాళ్లు లోపలికి రాలేరు.

ఖాతా తరలింపులో వరుస తప్పకూడదు. ముందు కొత్త ఖాతాలో పాత ఖాతాను అలియాస్‌గా (అదీ మనదేనన్న మారుపేరుగా) చేర్చాలి. పాతదాంట్లో ఫాలోయింగ్, బ్లాకులు, మ్యూట్లు, జాబితాలు, బుక్‌మార్కులు సీఎస్‌వీ (పట్టిక) ఫైళ్లుగా దింపుకోవాలి. వాటిని కొత్తదాంట్లో ఎక్కించేటప్పుడు కలపాలా, పాతవి తీసేసి రాయాలా అని అడుగుతుంది, కలపడమే క్షేమం. చివరగా పాత ఖాతాలో కొత్త చిరునామా, పాస్‌వర్డ్ కొట్టి తరలింపు నొక్కాలి. ఆ పైన కొద్ది గంటలు కొత్త ఖాతా ఫాలోవర్ల సంఖ్య దానంతటదే పెరుగుతూ పోతుంది. పాత కంపెనీ ఆర్కైవ్‌లో అంకెలుగా మిగిలిపోయినవాళ్ల లాంటి మనుషులే ఇక్కడ పేర్లతో సహా వెంట వచ్చేశారు. పోస్టులు మాత్రం రావు, పాతచోటే ఉంటాయి. మూతపడిన సర్వర్లలో ఉన్న ఫాలోవర్లూ రారు. ఒకసారి మారాక 30 రోజుల దాకా మళ్లీ తరలించడానికి వీల్లేదు, అందుకని చిరునామాను అక్షరం అక్షరం సరిచూసుకోండి.

ఓపెన్ (కోడ్ ఎవరైనా చూసి వాడుకోగలిగేది) అనగానే అది మనదైపోదు. 2019లో శ్వేతజాతి దురహంకారులకు అడ్డాగా పేరుపడ్డ గ్యాబ్ అనే సోషల్ నెట్‌వర్క్ మాస్టడాన్ కోడ్ మీదికే మారింది. 2021లో ట్రంప్ కంపెనీ ట్రూత్ సోషల్ కూడా ఆ కోడ్‌నే వాడి, మాస్టడాన్‌కున్న ఏజీపీఎల్ లైసెన్సు ప్రకారం వాడుకరులకు ఇవ్వాల్సిన సోర్స్ కోడ్‌ను మొదట బయటపెట్టలేదు, నిలదీశాకే ఇచ్చింది. కోడ్ ఎవరైనా వాడొచ్చు, ఎవరితో మాట్లాడాలో మాత్రం ప్రతి సర్వర్ తానే తేల్చుకుంటుంది. చాలా సర్వర్లు గ్యాబ్‌తో తెగతెంపులు చేసుకున్నాయి. 2023లో వచ్చిన మెటా వారి థ్రెడ్స్ విషయంలో సర్వర్ల మధ్య వాదన ఇంకా తెగలేదు. నా మట్టుకు, ఇలాంటివి అడ్మిన్ ఒక్కడే తేల్చకూడదు, సభ్యులు ఓటు వెయ్యాలి.

ఓటు ముందు ఒక తేడా అందరికీ చెప్పాలి. పరిమితం చేస్తే అవతలి సర్వర్ పోస్టులు అక్కడివాళ్లను ఫాలో అయ్యేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు కనబడవు కానీ ఫాలో బంధాలు నిలుస్తాయి. సస్పెండ్ చేస్తే ఆ బంధాలు తెగిపోతాయి, తర్వాత నిర్ణయం మార్చుకున్నా అవి అతుక్కోవు. అందుకే మా నియమం: తక్షణ ప్రమాదం ఉంటే మోడరేటర్ వెంటనే పరిమితం చెయ్యొచ్చు, సస్పెండ్‌కు మాత్రం సభ్యుల ఓటు కావాలి. ఇది జీతం లేని శ్రమ. మోడరేషన్ చేసేవాళ్లను ముగ్గురికి తగ్గకుండా పెట్టి వంతులు వెయ్యండి. రోజూ ద్వేషం చదివిన మనిషి నాలుగు వారాల్లో అలిసిపోతాడు.

మాస్టడాన్ ప్రైవేటు సందేశాలకు చివరి నుంచి చివరి దాకా గూఢలిపి లేదు, సర్వర్ నడిపేవాళ్లు తలుచుకుంటే చదవగలరు. సమ్మె గురించో ప్రదర్శన గురించో మాట్లాడుకోవడం అక్కడ వద్దు, గూఢలిపి ఉన్న సిగ్నల్ యాప్ వాడండి.

పాత వేదికలోని ఖాతాను తొలగించొద్దు. పేరు ఖాళీ అయితే ఇంకొకరు తీసుకుని మీలా మాట్లాడే ప్రమాదం ఉంది. కొత్త చిరునామాతో ఒక పోస్టు పైన అతికించి, బయటి యాప్‌లకు ఇచ్చిన అనుమతులన్నీ తీసేసి, రెండంచెల లాగిన్ పెట్టండి. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉంచి, నెలకొకసారి ఒకరు లోపలికి వెళ్లి, ఆలస్యంగా వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు దారి చెప్పి వస్తుండాలి. మా దగ్గర ఆ వంతు ఇప్పటికీ నడుస్తోంది.